టెంక లేని ఆవకాయ

కిందటేడు మే మొదటి వారం. గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో పిన్నిగారి ఇంటి వెనక వసారాలో కూర్చుని ఉన్నాను. పిన్నిగారు అంటే నాకు చుట్టం కాదు, నా క్లయింటు. పచ్చళ్ళు, సున్నుండలు, కారప్పొడులు చేసి అమ్ముతారు. నలుగురు ఆడవాళ్ళు మామిడి ముక్కలు బాగుచేస్తున్నారు. కొట్టించి తెచ్చిన కాయల్లోంచి జీడి తీసేసి, టెంక లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచి దుప్పటి మీద పరుస్తున్నారు. వసారా అంతా పచ్చిమామిడి వాసన. ఆ సీజన్ కోసం చేసిన పోస్టర్ ఫోన్‌లో తెరిచి ఆవిడ చేతికిచ్చాను. ముందురోజు రాత్రి ఏఐతో చేయించిన బొమ్మ. నిగనిగలాడే జాడీ, ఎర్రటి నూనె, పక్కన ఆకులతో రెండు పచ్చికాయలు, వెనక సాయంత్రం ఎండ. నాకు బాగా నచ్చింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు: "ముక్కకి టెంకేదమ్మాయ్?"

చూస్తే నిజమే. జాడీలో పైకి తేలిన ముక్కలన్నీ తొక్కా కండే. ఒక్కదానికీ టెంక లేదు. కూరకి తరిగిన బంగాళాదుంపల్లా నలుపలకలుగా ఉన్నాయి.

"ఇది చూస్తే టెంక ముదరకముందే కోసేసిన కాయ అనుకుంటారమ్మా. నెల తిరక్కుండా మెత్తబడిపోతుందని ఎవరూ కొనరు" అన్నారు.

అక్కడే కూర్చుని మళ్ళీ చేయించాను. ముక్కకి ఒకవైపు గట్టి టెంక ఉండాలని తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను. ఒకసారి పండు మామిడిపండు కోసి మధ్యలో మొత్తం టెంకని పెట్టింది. ఒకసారి కొబ్బరి చిప్పలాంటిదాన్ని ముక్కల పక్కన పెట్టింది. తొమ్మిదో బొమ్మ దగ్గర ఆపేశాను. నాకు అర్థమైందేమిటంటే, ప్రపంచంలో మామిడికాయ పచ్చడి పేరుతో ఉన్న బొమ్మలన్నీ చూసి అది నేర్చుకుంది. వాటిలో ఉత్తరాది అచార్లే ఎక్కువ. అన్నీ కలిపితే వచ్చే పచ్చడి అది గీసింది. పిన్నిగారి జాడీలో ఉన్నది అది చూడలేదు.

మార్కెటింగ్ పనిలో ఏఐ వాడటం గురించి రాయమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఏ టూల్ మంచిదో, దానికి ఏం ప్రాంప్ట్ ఇవ్వాలో, అంటే ఏమని అడగాలో చెప్పమంటారు. ఆ జాబితాలు నెలకోసారి మారిపోతాయి. మూడేళ్ళుగా రోజూ వాడుతూ నేను తెలుసుకున్నది మాత్రం ఒకటుంది. రాయించడానికి మొదలుపెట్టిన ఏఐని ఇప్పుడు నేను ఎక్కువగా వినడానికి వాడుతున్నాను. అది ఎలా జరిగిందో చెప్తాను.

నేను విజయవాడలో చిన్న వ్యాపారాలకి మార్కెటింగ్ చేస్తాను. నాతోపాటు ఇంకో ఇద్దరు పనిచేస్తారు. ఈ పనిలోకి నేను కాలేజీలో చదివి రాలేదు. 2009లో గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో ఆపరేటర్‌గా చేరాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పొద్దున పెళ్ళికార్డులు, మధ్యాహ్నం కరపత్రాలు, రాత్రికి ఫ్లెక్సీలు. పెళ్ళికార్డులో ఒక ఒత్తు పోయిందంటే వెయ్యి కార్డులు మళ్ళీ కొట్టాలి, ఆ డబ్బు జీతంలోంచి పోతుంది. అందుకే నా కన్ను ముందు ఒత్తుల మీదే పడుతుంది. ఏఐ బొమ్మల్లో తెలుగు అక్షరాలు మొదట్లో మొత్తం జిలేబీ చుట్టల్లా వచ్చేవి. ఇప్పుడు చాలా మెరుగు. అయినా "స్వచ్ఛమైన" అన్న మాటలో ఛ ఒత్తు సరిగ్గా ఉందా లేదా అని నేను చూడకుండా ఏ పోస్టరూ బయటికి పోదు. అక్షరాలు నేనే విడిగా పెట్టుకుంటాను, బొమ్మలో భాగంగా రానివ్వను.

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది. నేను తర్వాతి సంక్రాంతి ఆఫర్లకి వాడి చూశాను. ఇంగ్లీషులో చకచకా రాసేది. తెలుగు అడిగితే ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా వచ్చేది, మధ్యలో తెగిపోయేది. దానికి కారణం చాలా రోజుల తర్వాత తెలిసింది. ఈ మోడళ్ళు వాక్యాన్ని టోకెన్లనే చిన్న ముక్కలుగా విరగ్గొట్టుకుని చదువుతాయి. ఇంగ్లీషులో ఒక మాట దాదాపు ఒక ముక్క. తెలుగులో ఒక్క అక్షరమే నాలుగైదు ముక్కలయ్యేది. 2024 మేలో చాట్‌జీపీటీకి జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ వచ్చినప్పుడు, దాన్ని చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ వాళ్ళే ఒక ఉదాహరణ చూపించారు. పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టిన చిన్న తెలుగు పలకరింపు కొత్త పద్ధతిలో 45కి దిగింది. ఆ నెలలోనే నాకు తేడా తెలిసిపోయింది. తెలుగు గబగబా రావడం మొదలైంది, విభక్తులు కుదిరాయి, తప్పులు తగ్గాయి.

తప్పులు తగ్గాయి కానీ మాట తీరు మారలేదు. పచ్చడికి నాలుగు లైన్లు రాయమంటే "మీ రుచి మొగ్గలను పులకింపజేసే సంప్రదాయ అనుభూతి" అని రాసేది. రుచి మొగ్గలు! మా అమ్మ జన్మలో ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. పచ్చడి కొనే ఏ మనిషీ అనడు. మన వాళ్ళు "నోరూరుతోంది" అంటారు, "వేడన్నంలో ఇంత వేసుకుని నెయ్యి పోసుకుంటే చాలు" అంటారు. ప్రతి రెండు మాటల మధ్యా ఒక "మరియు" ఉండేది. వ్యాకరణం చూస్తే ఒక్క తప్పు కనపడదు. చదివితే మాత్రం ఎక్కడో ఇంగ్లీషులో ఆలోచించుకుని వచ్చినట్టుంటుంది.

అప్పట్లో నేను ఇవన్నీ దిద్దుకునేదాన్ని. కానీ పని పెరిగింది. పదకొండు మంది క్లయింట్లు, ఒక్కొక్కరికీ నెలకి పన్నెండు పోస్టులు. ఆదివారం కూర్చుని నెలంతటికీ ఒకేసారి రాయించుకుని, పైపైన చూసి, తేదీలు పెట్టి షెడ్యూల్ చేసేయడం అలవాటైంది. అది ఎంత ప్రమాదమో కిందటేడు సంక్రాంతి ముందు తెలిసింది.

పిన్నిగారి సున్నుండల పోస్టు. మినపపిండి, బెల్లం, నెయ్యి. మూడే సరుకులు. నేను ఆ మూడూ చెప్పి, ఆరోగ్యానికి మంచిదన్నట్టు రాయమన్నాను. నాలుగు పేరాలు వచ్చింది. నేను మొదటి పేరా చదివాను, ఒత్తులు చూశాను, పెట్టేశాను. మూడో పేరాలో "బెల్లంతో చేసినందువల్ల మధుమేహాన్ని అదుపులో ఉంచుతుంది" అని ఉంది. అది నేను చదవలేదు.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి ఫోన్. ఆర్డర్ల నంబరు ఆ రోజుల్లో నా దగ్గరే ఉండేది. ఏలూరు నుంచి ఒకాయన, గొంతు చూస్తే నలభై ఏళ్ళుంటాయేమో. చాలా మర్యాదగా మాట్లాడారు. "మేడం, మా నాన్నగారికి షుగరండీ, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఆయనకి సున్నుండలంటే ప్రాణం. ఎన్నాళ్ళనుంచో పెట్టట్లేదు. మీ పోస్టు చూశాం. రోజుకి ఎన్ని పెట్టమంటారు?"

నాకు మాట రాలేదు. పోస్టు తెరిచి చూసుకుంటున్నాను, ఆయన లైన్లో వెయిట్ చేస్తున్నారు. వెనక పెద్దాయన గొంతు వినపడుతోంది, "ఏమన్నారు, ఏమన్నారు" అని. నేను అప్పుడు చెప్పాల్సింది చెప్పాను. అది తప్పండి, బెల్లమైనా పంచదారైనా షుగర్ ఉన్నవాళ్ళకి ఒకటే, డాక్టర్ని అడక్కుండా ఒక్కటి కూడా పెట్టొద్దు, పొరపాటు నాది, క్షమించండి అన్నాను. ఆయన కోప్పడలేదు. "అయ్యో, నాన్నగారు చాలా ఆశపడ్డారండీ" అన్నారు, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పోస్టు తీసేశాను. ఆ రోజే సవరణ పెట్టాను. ఆ పోస్టు చూసి ఆర్డరిచ్చినవాళ్ళు ముప్పైమందికి పైగా ఉంటే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఫుడ్ ఐటమ్స్ ప్రకటనలకి 2018 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనలున్నాయి. తినే వస్తువు రోగం తగ్గిస్తుందని చెప్పకూడదు. ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అది కట్టాల్సి వస్తే పిన్నిగారి వ్యాపారమే ఉండదు. ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే: "ఆ పెద్దాయన తినలేదు కదా?"

ఏఐకి ఆ వాక్యం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. బెల్లం గురించి ఇంటర్నెట్లో అలాంటి రాతలు కోకొల్లలు. ఆరోగ్యానికి మంచిదన్నట్టు రాయమన్నాను కాబట్టి దొరికినవన్నీ తెచ్చి పెట్టింది. అడిగింది నేనే, చదవకుండా పంపిందీ నేనే. అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. తినేవి, ఒంటికి రాసుకునేవి, పిల్లలకి సంబంధించినవి ఏవైనా సరే, ఏఐ రాసింది నేరుగా పోదు. ఇద్దరు మనుషులు గట్టిగా పైకి చదవాలి. పైకి చదివితే "రుచి మొగ్గలు" కూడా నోటికే అడ్డం పడతాయి.

సున్నుండల తర్వాత టెంక. ఈ రెండూ అయ్యాక జూన్‌లో ఒకరోజు కూర్చుని ఆలోచించాను. కస్టమర్లు ఏమనుకుంటారో ఊహించి రాయమని ఏఐని అడుగుతున్నాను. కస్టమర్లేమో రోజూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజిలు పెడుతూనే ఉన్నారు. మన దగ్గర టైప్ చేసేవాళ్ళు తక్కువ. ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్ళు మైకు బొమ్మ నొక్కి మాట్లాడేస్తారు. ఆర్డరు రాసుకుని వదిలేస్తాం, మళ్ళీ ఎవరూ వినరు.

ఆ సీజన్ వాయిస్ మెసేజిలన్నీ తీశాను, నాలుగు వందలకి పైగా ఉన్నాయి. ముందు పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు తీసేశాను. అవి మనల్ని నమ్మి ఇచ్చినవి, ఊరికే ఒక టూల్‌లో పోసేయడానికి కాదు. తర్వాత మాటల్ని అక్షరాల్లోకి మార్పించాను. దానికే వారం పట్టింది. కృష్ణా జిల్లా యాస దానికి అంతగా అందదు. మాగాయ అంటే "మా గాయం" అని రాసింది. "ఊట" అన్న ప్రతిచోటా ఏదో ఒక వేరే మాట పెట్టింది. మా దగ్గర పనిచేసే అమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్కటీ విని దిద్దింది. ఆ తర్వాత ఏఐ చేసిన పని మాత్రం నిజంగా గొప్పది. ఆ నాలుగు వందల మెసేజిల్లో ఎవరు దేని గురించి అడిగారో వేరుచేసి, గుంపులు కట్టి, ఒక్కో గుంపుకి కస్టమర్ల అసలు మాటలే పక్కన పెట్టి అరగంటలో ఇచ్చింది. మాకైతే నెల పట్టేది.

చూసి ఆశ్చర్యపోయాను. మేం రెండేళ్ళుగా రుచి గురించి, సంప్రదాయం గురించి, అమ్మమ్మ చేతి వంట గురించి రాస్తున్నాం. రుచి గురించి అడిగినవాళ్ళు లెక్కకి చాలా కొద్దిమంది. అన్నిటికన్నా పెద్ద గుంపు పార్సిల్ గురించి. "నూనె కారదు కదమ్మా, పోయినసారి వేరేవాళ్ళ దగ్గర తెప్పిస్తే సూట్‌కేసులో బట్టలన్నీ పోయాయి." "మా వాడు బెంగళూరులో హాస్టల్లో ఉంటాడు, డబ్బా పగిలితే రూమ్మేట్లు గొడవ చేస్తారు." "డల్లాస్ వెళ్తోంది మా అమ్మాయి, ఎల్లుండే ప్రయాణం, సీలు గట్టిగా వేయించండి." రెండో గుంపు నన్ను ఇంకా ఆపింది. అరకిలో కన్నా చిన్నది ఉందా అని అడిగినవాళ్ళు. "ఇద్దరమే ఉంటున్నామమ్మా, పిల్లలు లేరు, కిలో ఏం చేసుకుంటాం." ఇలాంటివి ఒక చోట చేర్చి చదువుతుంటే గొంతు పట్టేసింది. ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు ఆర్డరులాగే ఉన్నాయి. వరసగా చదివితే పిల్లలు దూరాన ఉన్న ఇళ్ళన్నీ కనిపించాయి.

పావుకిలో సీసా మొదలుపెట్టమని పిన్నిగారికి చెప్పాను. సీసా ఖర్చు ఎక్కువని మొదట ఒప్పుకోలేదు. ఆ మెసేజిలు ఒక పది వినిపించాను. ఏమీ అనలేదు, మర్నాడు సీసాల షాపుకి మనిషిని పంపారు. ప్యాకింగు మార్చాం. మూతకి లోపల సీలు, మీద ష్రింక్ కవరు, దానిమీద ఇంకో జిప్ కవరు. పోస్టరు మీద తలకిందులుగా పట్టుకున్న డబ్బా ఫొటో, కింద "నూనె కారదు. సూట్‌కేసులో పెట్టుకోండి." అంతే రాశాం. అది నేను రాసింది కాదు, ఏఐ రాసింది కాదు, కస్టమర్ అడిగిన ప్రశ్నకి జవాబు. ఆ నెల మేం పెట్టిన వాటన్నిటికన్నా దానికే ఎక్కువ ఆర్డర్లు వచ్చాయి.

బొమ్మల విషయంలో కూడా ఒక గీత గీసుకున్నాం. మంగళగిరి చీరలు అమ్మే ఒక షాపుకి కూడా నేను పనిచేస్తాను. మోడల్, ఫొటోగ్రాఫర్, మేకప్ ఖర్చు ఎందుకని, మడత చీర ఫొటో ఇస్తే ఏఐ అమ్మాయికి కట్టి చూపిస్తుందని వాళ్ళే మొదలుపెట్టారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. దగ్గరికి తీసుకుని చూస్తే చీర సాదా ఒంటి మీద చిన్న చిన్న బుటాలు పుట్టించింది. నిజాం అంచుని పట్టుచీర అంచులా వెడల్పు చేసి దానిలో నెమళ్ళు పెట్టింది. మంగళగిరి చీర అందమంతా ఆ సాదాతనంలోనే ఉంది, ఆ అంచు చూసే దాన్ని గుర్తుపడతాం. ఆ ఊరికే చెందిందని చెప్పే జీఐ గుర్తింపు ఉన్న నేత అది. మగ్గం మీద కూర్చున్న మనిషి నేయని చీరని నేసినట్టు చూపిస్తే కొన్నామె పార్సిల్ విప్పి ఏమనుకుంటుంది? ఇప్పుడు చీర ఎప్పుడూ అసలు ఫొటోనే. వెనక గోడ, వెలుతురు వరకు ఏఐని సవరించనిస్తాం. షాపు యజమాని గారి కోడలే కట్టుకుని నిలబడుతుంది, పగలు పదకొండింటి వెలుతురులో, ఫోన్‌తోనే తీస్తాం.

ఇంకో రకం పని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు వంద రివ్యూలు కావాలన్నారు, ఒక్కొక్కటీ వేరే మనిషి రాసినట్టు, కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో, అక్కడక్కడ అక్షరదోషాలు కూడా కలిపి. ఏఐకి అది పది నిమిషాల పని. చేయనన్నాను. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా ఉండాలో చెబుతూ 2022లోనే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అది అటుంచితే, ఆ రివ్యూలు చదివి పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే తండ్రి ఒకడుంటాడు. ఆయనకి నేనేం చెప్పను? ఆ కాంట్రాక్టు పోయింది. మా నెల ఆదాయంలో ఐదో వంతు అది, తట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

రేట్ల గురించి కూడా చెప్పాలి, ఈ పనిలో ఉన్న చాలామందికి ఇదే టెన్షన్. 2025 నవంబర్‌లో, డబ్బు కట్టి వాడే చాట్‌జీపీటీ గో ప్లాను మన దేశంలో ఏడాదిపాటు ఉచితం అన్నారు. రెండు వారాల్లో ముగ్గురు క్లయింట్లు ఫోన్ చేశారు. "ఇప్పుడు ఫ్రీనే కదండీ, రేటు తగ్గించండి" అని. ఒకాయన తనే చేసుకుంటానని వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరికీ నేను లెక్క చూపించాను. రాయడానికి పట్టే టైము తగ్గిన మాట నిజమే, ఆ మేరకి పోస్టుల రేటు తగ్గించాను. వాళ్ళ కస్టమర్లతో మాట్లాడటానికి, మెసేజిలు వినడానికి, షాపులో కూర్చుని చూడటానికి పట్టే టైము పెరిగింది. దానికి విడిగా రాసిచ్చాను. ఇద్దరూ ఉన్నారు. కొత్తగా చేరిన కుర్రాడు ప్రాంప్టులు చాలా బాగా రాస్తాడు, నాకన్నా బాగా. వాడిని మొదటి నెల వారానికి రెండ్రోజులు కొరియర్ ఆఫీసులో కూర్చోబెట్టాను, పార్సిల్ ఇచ్చేటప్పుడు జనం ఏం అడుగుతారో రాసుకు రమ్మని. మొదట మొహం మాడ్చుకున్నాడు. మూడో వారం తనే అన్నాడు, "మేడం, అందరూ డబ్బా ఊపి చూస్తున్నారు" అని.

ఈ ఏడు కాయలు దిగగానే పిన్నిగారింటికి వెళ్ళాను. ఈసారి పోస్టర్ తీసుకెళ్ళలేదు. ఆవిడ ఒక కాయ తీసి, పెద్ద కత్తితో రెండుగా కొట్టి, సగం ముక్క నా వైపు తిప్పి, గోరుతో టెంక మీద టకటకా కొట్టి చూపించారు. ఆ చెయ్యి, ఆ గోరు, తెల్లగా బిగిసిన టెంక, జీడి తీయకముందు. అప్పటికప్పుడు ఫోన్‌తో ఫొటో తీశాను. కింద ఏం రాయాలని అడిగితే "కాయ ముదిరింది, ఆవకాయ మొదలెట్టాం అని పెట్టు" అన్నారు. అదే పెట్టాను.

మర్నాడు పొద్దున ఆరింటికే మొదటి వాయిస్ మెసేజి వచ్చింది. తణుకు నుంచి ఒకామె. "కాయ బాగుందమ్మా. ఏ రకం అది, జలాలా, నాటుకాయా? కారం ఈ ఏడాదిదేనా, పాతదా?" కాయ సంగతి నాకు తెలుసు కానీ కారం సంగతి తెలీదు. పిన్నిగారికి ఫోన్ కలిపాను.